డ్రైవర్ లేని కార్లు వస్తాయంటున్నారు, ఇప్పుడు అప్పు చేసి ట్యాక్సీ కొనవచ్చా?

సాగర్_ఎడమకాలువ
మా తమ్ముడు హైదరాబాదులో అద్దె కారు నడుపుతున్నాడు. సొంత కారు కొనుక్కుందామని ఫైనాన్సు వాళ్లతో మాట్లాడుకున్నాడు. అయిదేళ్ల వాయిదాలు. తీరా సంతకం పెట్టే సమయానికి ఎవరో అమెరికా వీడియో ఒకటి చూపించారు. డ్రైవర్ సీటు ఖాళీ, స్టీరింగు దానంతట అదే తిరుగుతోంది, వెనక ఇద్దరు దర్జాగా కూర్చున్నారు. అప్పటి నుంచి వాడికి కంటి మీద కునుకు లేదు. "అన్నా, వాయిదాలు తీరకముందే ఇవి మన దగ్గరికి వచ్చేస్తే నా గతి ఏమిటి?" అంటున్నాడు. నాకు వ్యవసాయం తప్ప మరొకటి తెలియదు. తెలిసినవాళ్లు చెప్పండి. ధైర్యం చెప్పడానికి అనే మాటలు వద్దు, నిజంగా ఏం జరుగుతోందో చెప్పండి.

రాత్రిబస్సు
నిశ్చింతగా కొనుక్కోమనండి. సాయంత్రం ఆరింటికి మెహిదీపట్నం దాటగల యంత్రం ఇంకా పుట్టలేదు.

చాండ్లర్_పద్మ
రాత్రిబస్సు గారూ, అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. నేను ఉండేది అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన. ఇక్కడ వేమో అనే కంపెనీ కార్లు 2020 అక్టోబరు నుంచి డ్రైవర్ లేకుండానే జనాన్ని ఎక్కించుకుంటున్నాయి. ఫోనులో పిలిస్తే వస్తుంది. కారు కప్పు మీద గుండ్రని బుడిపె ఉంటుంది, దాని మీద మన పేరు పొడి అక్షరాలు వెలుగుతాయి, మన కారేదో పోల్చుకోవడానికి. ఎక్కి బెల్టు పెట్టుకుని మీట నొక్కితే బయలుదేరుతుంది. ముందున్న తెర మీద చుట్టుపక్కల కార్లు, సైకిళ్లు, నడిచే మనుషులు బొమ్మల్లా కదులుతుంటారు.

రాజమండ్రి నుంచి మా అత్తగారు వచ్చినప్పుడు ఎక్కించాను. మొదటి సిగ్నలు దాకా నా చెయ్యి వదల్లేదు. తర్వాత ఆవిడే, "మన రోడ్ల మీద తోలేవాళ్లకంటే ఇదే నయం, ఎవరినీ తిట్టడం లేదు" అన్నారు.

అయితే ఒకటి. ఈ ఊరిని వాళ్లు ఊరికే ఎంచుకోలేదు. రోడ్లు వెడల్పు, గీతలు స్పష్టం, వాన అరుదు. ఆ కారు తిరిగే ప్రతి వీధినీ ముందే కొలిచి పటం తయారుచేసుకుంటారు. పటంలో లేని వీధికి అది వెళ్లదు.

రాత్రిబస్సు
నేను చెప్పేదీ అదే కదా పద్మ గారూ. ఎండ, ఖాళీ రోడ్డు, తెల్లగీత ఉన్నచోట నడిచింది. ఇక్కడ ఆ మూడింటిలో ఎండ ఒక్కటే ఉంది.

గీతలు_చుక్కలు
ఈ రంగంలో కొన్నాళ్లు పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. కారుకు చూపు నేర్పాలంటే లక్షల కొద్దీ రోడ్డు ఫోటోలు చూపించాలి. ఇది మనిషి, ఇది స్తంభం, ఇది రోడ్డు అని ప్రతి ఫోటోలోనూ ఎవరో ఒకరు హద్దులు గీసి పెట్టాలి. చాలాకాలం పరిశోధకులందరూ ఎక్కువగా వాడినది జర్మనీ వాళ్ల ఫోటోల సంపుటి. వరుసలో వెళ్లే కార్లు, పేవ్‌మెంటు మీద నడిచే మనుషులు. అది చూసి నేర్చుకున్న యంత్రానికి మన ఆటో కనిపిస్తే ఏ పేరు పెట్టాలో తెలియదు.

అందుకే హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వాళ్లు 2018లో ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ తయారుచేశారు. హైదరాబాదు, బెంగళూరు, వాటి శివార్లలో కారుకు కెమెరా బిగించి తీసిన పదివేల ఫోటోలు, 34 తరగతులు. ఆటోకు ఒక తరగతి, జంతువులకు ఒక తరగతి. నాకు అన్నిటికంటే నచ్చింది మరొకటి ఉంది. తారురోడ్డు అంచు దాటాక ఉండే మట్టి నేల. మనం ఎదురు బండికి దారి ఇవ్వడానికి ఒక చక్రం దించుతామే, ఆ చోటు. దాన్ని రోడ్డు అనలేం, రోడ్డు కాదనీ అనలేం. "అవసరమైతే దిగవచ్చు" అనే అర్థంలో దానికీ విడిగా ఒక తరగతి పెట్టారు. మన రోడ్డును అర్థం చేసుకున్నవాళ్లే అలా ఆలోచించగలరు.

బడి వదిలిన వేళ ఒక ఆటో ఫోటో వచ్చేది. బయటికి వేలాడే సంచులు, కమ్మీ పట్టుకున్న చేతులు, డ్రైవర్ పక్కన ఒంటి పిర్ర మీద కూర్చున్న పిల్లవాడు. ఒక్కొక్కరి చుట్టూ హద్దు గీయాలి. ఆ ఒక్క ఫోటోకే గంట దాటేది.

బ్రేకుపట్టు
ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాను. గీతలు_చుక్కలు గారు చెప్పింది చదివి సంతోషం వేసింది. మట్టి అంచు సంగతి పట్టించుకున్నారంటే మంచిదే. అయినా ఒక మాట.

రోడ్డు మీద మేము బండ్లను చూడం, మనుషుల్ని చూస్తాం. ఎదురుగా బైకు మీద వచ్చేవాడి మెడ ఎటు తిరిగిందో చూస్తే వాడు ఎటు దూరబోతున్నాడో తెలుస్తుంది. రోడ్డు పక్కన బంతి కనిపిస్తే దాని వెనకాల పిల్లవాడు ఉంటాడని కాలు బ్రేకు మీదికి వెళ్తుంది. ముందున్న లారీలోంచి క్లీనరు చెయ్యి ఊపితే దాటాలి, ఊపకపోతే ఆగాలి. ఇవన్నీ ఏ పుస్తకంలో ఉన్నాయి?

ఇంకొకటి, కోతల కాలం. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. రాత్రికి నల్ల పట్టా కప్పుతారు. చీకట్లో నల్ల రోడ్డు మీద నల్ల పట్టా. మోటారు సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు ఆ రాళ్లకు తగిలి పడిపోవడం నేను కళ్లారా చూశాను. దాన్ని ఆ కారు గుర్తుపడుతుందా?

కంది_క్యాంపస్
బ్రేకుపట్టు గారూ, నల్ల పట్టా మాటకు వస్తే అక్కడ యంత్రానికే కాస్త మేలు. ఈ కార్లలో చాలావాటికి కెమెరా ఒక్కటే ఉండదు, లైడార్ కూడా ఉంటుంది. లేజరు కిరణాలు వదిలి, అవి తగిలి తిరిగి వచ్చే సమయాన్ని బట్టి దూరం కొలుస్తుంది. దానికి వెలుతురుతో పని లేదు. నల్లటి వస్తువు నుంచి కిరణం తక్కువగా తిరిగి వస్తుంది, నిజమే. కానీ కుప్ప ఎత్తు, రాళ్ల ఎత్తు దొరుకుతాయి. మీరు చెప్పిన మెడ తిప్పడం, చెయ్యి ఊపడం మాత్రం ఇప్పటికీ కష్టమైన సమస్యలే.

సాగర్ గారి ప్రశ్నకు వస్తాను. నేను సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ విద్యార్థిని. ఇక్కడ తిహాన్ అనే కేంద్రం ఉంది, డ్రైవర్ లేని వాహనాల పరీక్షల కోసం ప్రత్యేకంగా కట్టిన ట్రాకు ఉంది. 2022 జూలైలో ప్రారంభమైంది. ఇప్పుడు క్యాంపస్ లోపల డ్రైవర్ అవసరం లేని చిన్న విద్యుత్ బస్సులు తిరుగుతున్నాయి, ఆరుగురు పట్టేవి, పద్నాలుగు మంది పట్టేవి. మేము ఎక్కుతూనే ఉంటాం. మెల్లగా వెళ్తుంది. ఎవరైనా అడ్డం వస్తే ఆగి, వాళ్లు తప్పుకున్నాక కదులుతుంది.

నా అభిప్రాయం ఏమిటంటే, మన దగ్గరికి ఇది కారు రూపంలో ముందుగా రాదు. హద్దు ఉన్న చోట్లకు, ఒకే దారిలో తిరిగే బస్సుగా వస్తుంది. జపానులో జరిగింది కూడా అదే. ఫుకుయి ప్రాంతంలో ఎయిహెయిజి అనే చిన్న ఊళ్లో 2023 మేలో డ్రైవర్ లేని సర్వీసు మొదలైంది. దాదాపు రెండు కిలోమీటర్ల దారి, గంటకు 12 కిలోమీటర్ల వేగం, దారి పొడవునా నేలలో పాతిన తీగను పట్టుకుని వెళ్తుంది. ముసలివాళ్లు మిగిలిన పల్లెల్లో బండి నడిపేవాళ్లు లేక తెచ్చుకున్నారు. మీ తమ్ముడు హైదరాబాదు అంతా తిప్పే ట్యాక్సీకి వాయిదాలు తీరేలోపు దీని వల్ల ముప్పు వస్తుందని నేను అనుకోను.

ఉప్పాడ_కెరటం
12 కిలోమీటర్ల వేగమా! మా ఊళ్లో గేదె దానికంటే ముందు ఇల్లు చేరుతుంది.

కంది_క్యాంపస్
చేరనివ్వండి. ఆ వేగంలో ఎవరూ చచ్చిపోరు, అదే దాని గొప్ప.

మసకచూపు
అందరూ డ్రైవర్ల వైపు నుంచి, కార్ల వైపు నుంచి మాట్లాడుతున్నారు. నా వైపు నుంచి ఒకసారి చూడండి.

నాకు కంటి రెటీనా జబ్బు. చూపు ఏడాదికి కొంత చొప్పున తగ్గుతోంది. లైసెన్సు వదిలేసి చాలాకాలమైంది. ఆఫీసుకు వెళ్లాలంటే ఎవరినో ఒకరిని బతిమాలాలి. ఆటో వాళ్లు నా ముందున్న నంబరు పలక చదవలేకపోతున్నానని తెలిసి వేరే బండి ఎక్కించిన సందర్భాలూ ఉన్నాయి. రాత్రి ఎనిమిది దాటితే ఎక్కడికీ కదలను. పద్మ గారు చెప్పిన కారు నాకు వినోదం కాదు, నా కాళ్లు. అది రావడం ఆలస్యం అవుతుందని మీరంతా ఊరట పడుతుంటే చదవడానికి బాధగా ఉంది.

సాగర్_ఎడమకాలువ
మసకచూపు గారూ, ఈ వైపు నుంచి నేను ఆలోచించనే లేదు. చెప్పినందుకు మంచిది. మీరు అనుకున్నది త్వరగా రావాలి.

చాండ్లర్_పద్మ
మసకచూపు గారూ, ఇక్కడ చూపు లేనివాళ్లు ఇవి బాగానే వాడుతున్నారు. కారు ఎక్కడ ఆగిందో తెలియడానికి ఫోను నుంచే హారను మోగించుకోవచ్చు. కుక్కను వెంట పెట్టుకుని ఎక్కేవాళ్లూ ఉన్నారు, ఎవరూ కాదనరు. ఎక్కించుకోనని మొహం తిప్పుకునే మనిషి అందులో ఉండడు కదా.

పసుపు_పలక
నేను ట్యాక్సీ నడుపుతాను. మసకచూపు గారి బాధ అర్థమైంది, మాలో అలాంటి వాళ్లు ఉన్నారు, సిగ్గుపడాల్సిన విషయమే.

సాగర్ అన్నా, తమ్ముడికి నా మాటగా చెప్పండి. భయపడాల్సింది ఖాళీ సీటు గురించి కాదు. యాప్ కంపెనీ కమిషను ఎంత కోస్తోంది, డీజిలు పోసుకుని, గిరాకీ లేకుండా తిరిగిన కిలోమీటర్లు తీసేశాక చేతికి ఎంత మిగులుతోంది, అది ఒక నెల కాగితం మీద రాసుకోమనండి. వాయిదా దానికంటే తక్కువైతేనే సంతకం. నాతో పాటు కార్లు కొన్నవాళ్లలో ఫైనాన్సు వాళ్లు బండి లాక్కుపోయినవాళ్లు ఉన్నారు. వాళ్లను ముంచింది ఏ యంత్రమూ కాదు.

వకీలు_వరంగల్
పసుపు_పలక చెప్పింది అక్షరాలా నిజం. చట్టం సంగతి నేను చెబుతాను.

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. బండిని నడిపేది మనిషి అనే ఊహ మీదే అది నిలబడి ఉంది. లైసెన్సు మనిషికి ఇస్తారు, కేసు మనిషి మీద పెడతారు. డ్రైవర్ లేని కారు గుద్దితే ముద్దాయి ఎవరు? యజమానా, తయారీదారా, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లా? ఇది తేలకుండా రోడ్డెక్కనివ్వడం జనంతో ఆడుకోవడమే.

అమెరికాలో ఏమైందో చూడండి. 2018 మార్చిలో అరిజోనాలోని టెంపేలో ఉబర్ పరీక్షల కారు రాత్రిపూట సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను గుద్ది చంపింది. ఆ వ్యవస్థ ఆమెను ఒకసారి వాహనం అనుకుంది, ఒకసారి సైకిలు అనుకుంది, ఇంకోసారి మరేదో అనుకుంది. చివరికి కేసు ఎవరి మీద నిలిచింది? పర్యవేక్షణకు సీట్లో కూర్చోబెట్టిన ఉద్యోగి మీద. కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. ఆ ఉద్యోగి రోడ్డు చూడకుండా ఫోనులో కార్యక్రమం చూడడం తప్పే, కాదనను. కానీ ఆ కారు తయారైనప్పుడు వచ్చిన అత్యవసర బ్రేకు వ్యవస్థను పరీక్షల కోసం పనిచేయకుండా ఆపిన నిర్ణయం ఆ ఉద్యోగిది కాదు కదా.

ఆటోనగర్_బాబాయి
విజయవాడ ఆటోనగర్‌లో మాది లారీల పని. వకీలు గారు చివర్లో అన్న బ్రేకు సంగతి పట్టుకుంటాను, ఎందుకంటే నా దృష్టిలో అసలు విషయం అదే.

డ్రైవర్‌ను తీసేయడం గురించి ప్రపంచమంతా మాట్లాడుతోంది. డ్రైవర్‌కు తోడుండే యంత్రం గురించి ఎవరూ మాట్లాడరు. ముందు బండి ఆగితే రాడారు, కెమెరా కలిసి చూసి, డ్రైవర్ కాలు వేయకపోయినా బ్రేకు పట్టే వ్యవస్థ ఇప్పటికే కార్లలో వస్తోంది. మన దేశంలో తయారయ్యే కొన్ని కార్లలోనూ ఉంది. నాకు అది లారీల్లో కావాలి. మా షెడ్డుకు వచ్చే బండ్లలో ముందు భాగం నుజ్జయినవి ఎక్కువ. రోడ్డు పక్కన ఆపిన లారీని తెల్లవారుజామున వెనకనుంచి వచ్చి గుద్దినవే. ఆ సమయానికి డ్రైవర్ స్టీరింగు మీద ఒరిగి ఉంటాడు. క్యాబిను రేకు కోసి తీసేటప్పుడు లోపల టిఫిను డబ్బా, పిల్లల ఫోటో కనిపిస్తాయి. ఆ పని చేసిన రోజు మాకు అన్నం సహించదు.

2022లో మన దేశం రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. ఇది సర్కారు లెక్క.

వకీలు_వరంగల్
అదే లెక్కలో ఇంకొకటి చూడండి బాబాయి గారూ. వాళ్లలో దాదాపు 44 శాతం మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు, దాదాపు 20 శాతం మంది నడిచి వెళ్లేవాళ్లు. కారులో కూర్చున్నవాడి సుఖం కోసం వచ్చే ఏ కొత్త యంత్రాన్నైనా ముందు ఈ రెండు రకాల వాళ్ల వైపు నుంచి కొలవాలి.

రాత్రిబస్సు
ఇది ఒప్పుకుంటాను. బ్రేకు రావాలి, డ్రైవర్ ఉండాలి. కేంద్ర మంత్రి గడ్కరీ కూడా 2017లో ఒకసారి, 2023 డిసెంబరులో ఇంకోసారి, డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయి కాబట్టి ఇలాంటి కార్లను రానివ్వనని అన్నారు. సాగర్ గారికి ఇంతకంటే హామీ ఏం కావాలి?

కంది_క్యాంపస్
మంత్రి మాట శిలాశాసనం కాదు రాత్రిబస్సు గారూ. ఈ రంగం ఎదిగే వేగం కూడా తక్కువ అంచనా వేయకండి. 2004లో అమెరికా రక్షణ శాఖ డ్రైవర్ లేని బండ్లకు ఎడారిలో పందెం పెడితే అన్నిటికంటే ముందు వెళ్లిన బండి పన్నెండు కిలోమీటర్ల దగ్గర చతికిలబడింది. మరుసటి ఏడాది అలాంటి పందెంలోనే అయిదు బండ్లు 200 కిలోమీటర్లు దాటిన దారిని పూర్తిచేశాయి. 2024 జూన్ నాటికి శాన్‌ఫ్రాన్సిస్కోలో వేమో కార్లను ఎవరైనా పిలవగలిగేలా తెరిచేశారు. చైనాలో వుహాన్ నగరంలో బైదూ కంపెనీ డ్రైవర్ లేని ట్యాక్సీలు ఎక్కువై, గిరాకీ పోతోందని అక్కడి ట్యాక్సీ వాళ్లు 2024లో మొర పెట్టుకున్నారు.

రాత్రిబస్సు
శాన్‌ఫ్రాన్సిస్కో పేరు మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. 2025 డిసెంబరులో అక్కడ కరెంటు పోయి సిగ్నళ్లు ఆరిపోతే ఆ కార్లు కూడళ్లలో నిలబడిపోయాయి. కాసేపు సర్వీసే ఆపేశారు. కరెంటు పోతే ఆగిపోయే బండి మన ఊళ్లకు పనికొస్తుందా? మన దగ్గర సిగ్నలు ఆరితే పక్క పాన్‌షాపు నుంచి ఎవరో ఒకరు వచ్చి చేతులు ఊపి ట్రాఫిక్ నడిపిస్తారు.

గీతలు_చుక్కలు
ఆ పాన్‌షాపు మనిషి చేతిని గుర్తుపట్టడమే మళ్లీ బ్రేకుపట్టు గారి ప్రశ్న. ఆయన ఖాకీ వేసుకోలేదు, చేతిలో ఈల లేదు. ఆ మాట వినాలా వద్దా అని కారు ఎలా తేల్చుకోవాలి? మనం మాత్రం క్షణంలో తేల్చుకుంటాం.

చాండ్లర్_పద్మ
ఇంకో సంగతి, నిజాయితీ. 2023 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో వేరే కారు గుద్దిన మహిళ ఎగిరి క్రూజ్ కంపెనీ డ్రైవర్ లేని కారు ముందు పడింది. ఆ కారు ఆగింది. ఆగి, పక్కకు తీయాలని మళ్లీ కదిలి, కింద ఉన్న మనిషిని ఆరు మీటర్ల దాకా ఈడ్చింది. ఆ రెండో భాగం కంపెనీ తమకు ముందు చూపించలేదని కాలిఫోర్నియా రవాణా శాఖ చెప్పి అనుమతి ఆపేసింది. ఏడాది తర్వాత జనరల్ మోటార్స్ ఆ ట్యాక్సీల పనికే డబ్బు పెట్టడం మానేసింది. నేను ఈ కార్లు ఇష్టంగా ఎక్కేదాన్నే. కానీ ప్రమాదం వీడియో కంపెనీ చేతిలో మాత్రమే ఉండే పద్ధతి మన దేశంలోకి రాకూడదు.

వకీలు_వరంగల్
పద్మ గారి మాటకు నా సంతకం. చట్టం మార్చే రోజు వస్తే మొదటి నిబంధన అదే కావాలి: ప్రమాదం జరిగిన గంటల్లో రికార్డు మొత్తం పోలీసుల దగ్గరికి చేరాలి. కాలిఫోర్నియాలో డ్రైవర్ లేని కారు నిబంధన తప్పితే పోలీసులు నేరుగా కంపెనీకే నోటీసు ఇచ్చేలా 2024లో చట్టం చేశారు. డ్రైవర్ లేకుంటే చలానా ఎవరికి రాయాలో తెలియని అవస్థ అక్కడా ఉండేది.

ఉప్పాడ_కెరటం
డ్రైవర్ లేని రైలు అయితే మన దేశంలో ఎప్పుడో వచ్చింది. ఢిల్లీ మెట్రో మెజెంటా లైనులో 2020 డిసెంబరు నుంచి నడుస్తోంది. ఎక్కి దిగే వరకు నాకు తెలియనే లేదు.

మసకచూపు
రైలుకు పట్టాలు ఉన్నాయి, అడ్డం వచ్చేవాళ్లు లేరు. ఆ మాత్రం హద్దు ఇస్తే బస్సు కూడా నడుస్తుంది కదా. మెట్రో స్టేషను నుంచి మా కాలనీ గేటు దాకా ఒక దారి, దానికి విడిగా వరుస, కంది_క్యాంపస్ గారి బస్సు ఒకటి. నాకు అంతవరకు చాలు. విశాఖ దాకా తీసుకెళ్లమని నేను అడగడం లేదు.

కంది_క్యాంపస్
మసకచూపు గారూ, చేయగలిగిన పని అదే. సాంకేతికంగా ఈరోజుకే సాధ్యం. అడ్డు ఏమిటంటే ఆ విడి వరుస. మెట్రో స్టేషను కింద చోటంతా బైకులు, తోపుడు బండ్లు ఆక్రమించి ఉంటాయి.

పసుపు_పలక
తోపుడు బండి వాళ్లను లేపి బస్సు తెస్తే మళ్లీ పొట్ట కొట్టేది బీదవాడినే. వాళ్లకు చోటు చూపించి అప్పుడు గీత గీయండి.

సాగర్_ఎడమకాలువ
అందరూ ఓపికగా రాశారు, చాలా మంచిది. తమ్ముడికి అంతా చదివి వినిపించాను. పసుపు_పలక అన్న చెప్పినట్టు నెల లెక్క రాయడం మొదలుపెట్టాడు. సంతకం నెల ఆగుతుంది. ఆటోనగర్ బాబాయి గారూ, ఆ బ్రేకు పాత బండికి బిగించుకునే వీలు ఉందా?

ఆటోనగర్_బాబాయి
ముందు బండి దగ్గరైతే కూత పెట్టే కెమెరా పాత బండికి బిగించవచ్చు. దానంతట అదే బ్రేకు పట్టేది మాత్రం కంపెనీలో బండితో పాటు వస్తేనే నమ్మాలి. బయట ఎవరో బిగించిన దాన్ని బ్రేకుకు కలపనివ్వకండి. కూత పెట్టేది కొన్నా దాని అద్దం రోజూ తుడవాలి. బురద పడితే దానికీ కళ్లు పోతాయి.

బ్రేకుపట్టు
గీతలు_చుక్కలు గారూ, నా ప్రశ్నకు జవాబు రాలేదు. ఆ 34 తరగతుల్లో ఆరబోసిన వడ్లు ఉన్నాయా?

గీతలు_చుక్కలు
లేవండీ. ఉండాల్సిందే. రోడ్డు మీద వడ్లు, మిరప, మొక్కజొన్న ఆరబోసిన ఫోటోలు ఒక్కచోట చేర్చితే పరిశోధకులకు ఉచితంగా ఇవ్వవచ్చు. ఫోనుతో తీసినవైనా పనికొస్తాయి. మనుషుల ముఖాలు, బండి నంబర్లు కనిపించకుండా చెరిపే పని నేను చూసుకుంటాను.

బ్రేకుపట్టు
అయితే వచ్చే కోతలకు నేను తీస్తాను. సూర్యాపేట నుంచి జనగామ వెళ్లే దారిలో ఎక్కడెక్కడ ఆరబోస్తారో నాకు తెలుసు. మిగతావాళ్లు కూడా తీయండి, కానీ పగలు తీసి ఊరుకోకండి. పగలు అందరికీ కనిపిస్తుంది. రాత్రి బండి లైటు వెలుగులో, ఇరవై అడుగుల దూరం నుంచి ఒకటి, యాభై అడుగుల నుంచి ఒకటి తీయండి. రాళ్లు కూడా పడేలా చూడండి. బండి మాత్రం పక్కకు ఆపి, దిగి తీయండి.